ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపిన తీగలు

ఏప్రిల్ 7, సోమవారం

షిఫ్ట్ అయిపోయింది. ముక్కులో నూగు. చీదితే బూడిదరంగు.

పొద్దున్నుంచి ఎనిమిది సాంచాల — మరమగ్గాల — మధ్య నిలబడ్డాను. పోగును మోసే నాడె అటు కొడుతుంది, ఇటు కొడుతుంది. ఎనిమిదీ ఒకే వేగంతో నడవాలి. నడవవు. మూడోది కొంచెం వెనకబడుతుంది, ఏడోది ముందుకు పోతుంది — కాసేపటికి రెండూ కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. కండెలు మారుస్తూ లెక్కపెడతాను. ఏడుకు ఐదు. పదకొండుకు ఏడు. నాకు తాళం నేర్పింది ఈ మరమగ్గాలే. ఫీజు మాత్రం చెవుల్లోంచి తీసుకుంటాయి.

ఆ ఫీజు ఎంతో బాపును చూస్తే తెలుస్తుంది. నలభై ఏళ్ళు నేశాడు. కుడిచెవి పోయింది, ఎడమది సగం. అన్నం పెట్టమనడానికి కూడా వీధంతా వినేట్టు అరుస్తాడు. నాకు ఇరవై నాలుగు. నాకింకా వినబడుతోంది. ఎన్నాళ్ళో.

హైదరాబాద్ నుంచి మెసేజ్. వివేక్ — మెటల్ రాక్‌లో జాజ్ కలిపి వాయించే ఒక బ్యాండులో గిటారిస్టు. వాళ్ళ బాస్ గిటారు వాయించేవాడు మానేశాడట. నేను ఒక్కడినే వాయించి ఫోన్‌లో పెట్టిన వీడియో చూశాడట. "ఒక పాటకు డ్రమ్స్ ట్రాక్ పంపుతున్న. దాని మీద నీ బాస్ వేసి పంపు. కుదిరితే జూన్‌లో ఆల్బం మాతోనే చెయ్యి, ఇక్కడనే ఉండు."

మూడుసార్లు చదివాను. ఇంట్లో చెప్పలేదు. చెప్తే బాపు అరుస్తాడు, వీధంతా వింటుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

ట్రాక్ వచ్చింది. ఉత్త డ్రమ్స్. మొదట తొమ్మిది దెబ్బల లెక్క, మధ్యలో ఏడు, చివర్లో అంతా నిదానమై ఒక పొడవైన నోట్‌తో ఆగాలి. ఆ చివరి నోట్ నాది. జీ.

మగ్గాల దగ్గర రోజంతా తలలో అదే నడిపాను. ఎవరైనా ఇంత శుభ్రంగా డ్రమ్స్ వాయిస్తే ఒళ్ళు మండుతుంది. వాడికి గది ఉంది, గదికి తలుపు ఉంది, ఆ తలుపు వేసుకుంటే నిశ్శబ్దం ఉంది.

ఏప్రిల్ 10, గురువారం

డ్యూటీ నుంచి వచ్చి నాలుగు గంటలు వాయించాను.

నా బాస్ చూసి నవ్వనివాడు లేడు. పెళ్ళిళ్ళకు నేను వాయించే కోరుట్ల ఆర్కెస్ట్రా సామాన్ల గదిలో మెడ వంగి పడి ఉంటే తెచ్చుకున్నాను. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు — ఫ్రెట్లు — ఒక్కొక్కటే కటింగ్ ప్లేయర్‌తో పీకేశాను. ఆ సందుల్లో పాత నాడె చెక్క గీకిన పొట్టు, జిగురు కలిపి నింపాను. ఇప్పుడు మెడంతా నున్నగా ఉంటుంది. వేలు ఎక్కడ పెడితే అక్కడే సుర్. గీత లేదు, గుర్తు లేదు. వెంట్రుకవాసి తప్పితే తప్పినట్టే. ఈ పని చెవి ఉన్నవాడిది.

ఫోన్‌లో ట్యూనర్ ఉంటుంది. పచ్చదీపం వెలిగితే తీగ సరిగ్గా ఉన్నట్టట. ఫ్రెట్లు పీకేసినవాడికి పచ్చదీపం ఎందుకు. నాకు ఇంటి వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఒకటే మూలుగు, పగలూ రాత్రీ. ఐదేళ్ళ కింద, బాస్ తెచ్చిన కొత్తలో, కోరుట్ల కీబోర్డు మీద జీ నోట్ విని, మరిచిపోకుండా ఆ సుర్‌నే బస్సులో దారంతా ముక్కుతూ ఇంటికి వచ్చాను. పక్క సీటు ముసలామె, "కడుపుల నొస్తుందా కొడుకా?" అంది. ఇంటికొచ్చి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ అచ్చం అదే పాడుతోంది. అప్పటినుంచి జీ తీగ శ్రుతి దానికే కలుపుతాను. మిగతా మూడూ జీకి.

ఏప్రిల్ 13, ఆదివారం

కోరుట్లలో పెళ్ళి. ఛీ.

బస్సు దిగి సంచి విప్పేసరికి నాలుగు తీగలూ సుర్ తప్పి పైకెక్కి కూర్చున్నాయి. ఎప్పుడూ ఇంతే. ఎండలో బస్సు, బస్సు మీద ఇనుము... కీబోర్డువాడు సుర్ ఇస్తే అన్నీ దించుకున్నాను. ఇంటికి పోయాక మళ్ళీ ఎక్కించాలి. ఐదేళ్ళుగా ఇదే ఖర్మ.

పెళ్ళికొడుకు మామ ఒకాయన స్టేజీ దగ్గరికి వచ్చి నా బాస్ చూశాడు.

"నాలుగే తీగలున్నయేందిరా. రెండు తెగినయా?"

ఆర్కెస్ట్రా గంగన్న అందుకున్నాడు. "తీగలు గాదు మామా, గీ పోరనికే రెండు తెగినయ్."

అందరూ నవ్వారు. నేను కూడా పళ్ళు బయట పెట్టాను. దానికే అసహ్యం.

నాలుగో పాటలో ఒళ్ళు మరిచి ఒక పరుగు వాయించాను. కింది నుంచి పైకి, మధ్యలో జారుడు, మళ్ళీ తాళం మీద పడడం. నా జన్మలో అంత బాగా పడలేదు. ఎవడూ తల తిప్పలేదు. పాట అయ్యాక చూస్తే నా వైరు కింద పడి ఉంది. గంగన్న రెండో పాటలోనే పీకేశాడట.

"గుంయ్ గుంయ్ మంటుందిరా, ఆడెటోళ్ళకు అడ్డమొస్తుంది. నువ్వు వాయించు, నిన్నెవరాపిండ్రు. నిలబడితె జర నిండుగ గొడ్తది స్టేజి."

నిండుగా. బొమ్మలా. పీకిన వైరుతో రెండు పాటలు వాయించినవాడిని నేను. అది నాకు కూడా తెలియలేదు — డీజే డబ్బాల మోతలో. అందుకు నా మీద నాకే ఎక్కువ కోపం.

ఏప్రిల్ 14, సోమవారం

వేళ్ళు కాలుతున్నాయి. అమ్మ బీడీల చాట ముందు కూర్చుని నా వేళ్ళు చూసింది. "ముప్పై ఏండ్లు ఆకు కత్తిరిచ్చిన, నాకు గూడ గిట్ల గాలె."

ఏప్రిల్ 17, గురువారం

అయింది. పంపాను.

ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండుసార్లు కలిపి చూసుకున్నాను. పదహారో టేక్. తొమ్మిది దెబ్బల భాగంలో మూడో మగ్గం, ఏడో మగ్గం ఎట్లా విడిపోతాయో అట్లా నడిపాను. ఒక్క తీగ కూడా ఉత్తగా మోగించలేదు, ప్రతి సుర్ వేలితో నొక్కిందే. ఎప్పుడూ అంతే వాయిస్తాను. ఉత్త తీగ చచ్చిన గొంతు. చివరి జీ కూడా పక్క తీగ మీద నొక్కి, వేలు కొంచెం ఊపి ఆపాను.

ఇది వింటే వాళ్ళు వద్దనలేరు. జూన్‌లో ఈ షెడ్డుకు దండం.

ఏప్రిల్ 18, శుక్రవారం

జవాబు లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

లేదు. రెండు నీలం టిక్కులున్నాయి. విన్నారు.

ఫోన్‌లో బాస్ వీడియోలు చూశాను. ఒకడు బొటనవేలితో తీగల్ని చెంపదెబ్బలు కొట్టినట్టు కొడుతున్నాడు. వెనక నీలం లైటు, గోడ మీద ఆరు బాసులు. ఒక్క సుర్ కూడా నిలబెట్టడు. కింద లక్ష మంది చప్పట్లు. కరీంనగర్‌లో ముగ్గురం కలిసి మెటల్ బ్యాండ్ పెట్టినప్పుడు మేం కొట్టిన పాట పదకొండు మంది విన్నారు. అందులో ఇద్దరం మేమే. డ్రమ్స్ వాయించేవాడు దుబాయిలో ఏసీలు బిగిస్తున్నాడు. వాడే నయం.

ఏప్రిల్ 22, మంగళవారం

మధ్యాహ్నం షెడ్డు బయట టీ తాగుతుంటే వచ్చింది.

"ఐడియాలు మస్తున్నయ్ బ్రో. కానీ పిచ్ మొత్తం పైకుంది. మొదటి నుంచి చివరిదాక. మా గిటారు దాని మీద వేస్తే ఏడ్చినట్టుంది. చెక్ చేసుకున్నవా?"

చెక్ చేసుకున్నానా.

వాయిస్ మెసేజ్ పెట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయాలి, రేపు నేను కాదనకుండా. "ఫ్రెట్ల మధ్య పుట్టి పెరిగినోళ్ళకు సుర్ అంటే ఏందో తెల్వది. మీ గిటారే కిందికుంటది, చూసుకోండ్రి. ఏసీ గదుల గూసుండి నా చెవులకు పరీక్ష వెట్టకుండ్రి."

ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. అది రాయను.

లోపలికి పోయేసరికి మూడో మగ్గం మీద పడుగు తెగి ఉంది. మగ్గాల ఆసామి — షెడ్డు ఆయనదే — వచ్చి నిలబడ్డాడు. "ఏంరా, పాటలు వాడుతున్నవా పోగులు జూస్తున్నవా?" నలభై పోగులు అతికాను. ఒక్కొక్క ముడికీ వివేక్ పేరు పెట్టి.

ఏప్రిల్ 24, గురువారం

వాళ్ళ నుంచి ఏమీ లేదు. నీలం టిక్కులు.

నా బాస్ సరిగ్గా ఉందని ఎవరైనా చెప్పాలి. చెవి ఉన్నవాడు. గంగన్న కాదు. జగిత్యాలలో హార్మోనియాలు బాగుచేసే మొయిన్ చాచా ఉన్నాడు. ఐదేళ్ళ కింద ఈ బాస్ వంగిన మెడ సాపు చేసింది ఆయనే. ఆయన చెప్తే రికార్డు చేసి వివేక్ మొహాన కొడతాను.

ఏప్రిల్ 27, ఆదివారం

జగిత్యాల. ఎండకు రోడ్డు కరిగిన వాసన.

బయల్దేరే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే నిలబడి కలుపుకున్నాను. చాచా దుకాణంలో ఫ్యాన్ కూడా లేదు. హార్మోనియం పొట్ట విప్పి ఉంది, ఇత్తడి నాలుకలు గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేసి జేబులో పెట్టుకున్నాను, సాక్ష్యానికి.

నా నాలుగు తీగలూ మీటించి విన్నాడు. రెండుసార్లు.

"నాలుగు ఒకదానితోనొకటి మస్తు గలిసినయ్. ఎవలు గలిపిండ్రు?"

"నేనే."

"చెవి మంచిది నీది." అప్పుడే రికార్డ్ ఆపాల్సింది. ఆపలేదు. చాచా పక్కనున్న ఇంకో హార్మోనియం ముందుకు జరిపి జీ మెట్టు నొక్కాడు, నా జీ తీగ మీటాడు. రెండూ కలిసి మోగాయి. పళ్ళ మధ్య ఇసుక నలిగినట్టుంది.

"నలుగురు గలిసే పోతుండ్రు బేటా," అన్నాడు, "గని నలుగురు తప్పు బస్సెక్కిండ్రు."

"బస్సులనే ఎక్కుతయ్ చాచా. ఎండకు. కోరుట్లకు పోయినప్పుడల్లా గంతే. నాలుగు తీగలు పైకెక్కి కూసుంటయ్."

చాచా కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

"ఎండకు తీగ సాగుతది. సాగితె దిగుతది. ఎక్కుతదా?"

జీ తీగ ముట్టుకుని చూశాను, ఇంకా వేడిగానే ఉంది.

"ఇంట్ల దేనికి గలుపుతవ్?"

చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్‌కు. బస్సులో ముక్కుతూ తెచ్చుకున్న జీ గురించి కూడా. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, నాలుకలు గీకే ఆకురాయి కింద పెట్టాడు.

"కరెంటు దాని పని అది జేస్తది. దానికి సా ఎవలు జెప్పిండ్రు, పా ఎవలు జెప్పిండ్రు? అసలు జీకి జర పైకుంటది గా మూల్గుడు. నువ్వు నోట్లె వెట్టుకొని తెచ్చింది గూడ బస్సుల కొంచెం పైకి జారి ఉంటది. రెండు పైకున్నయ్, రెండు గలిసినయ్. ఐదేండ్లు ఎవ్వలు జెప్పలేదా?"

చెప్పారు. నాలుగు తీగలూ ప్రతి పెళ్ళికీ చెప్పాయి. నేను బస్సును తిట్టాను.

ఏప్రిల్ 28, సోమవారం

నిన్న రాసింది చదివి, వెనక పేజీలు తిప్పాను.

ఉత్త తీగ ముట్టుకోకపోవడం నా పద్ధతి అనుకున్నాను. గొప్పగా రాసుకున్నాను కూడా, ఇదే పుస్తకంలో, పదకొండు రోజుల కింద. పద్ధతి కాదు. ఇంట్లో ఏ పాట పెట్టి దాంతో వాయించినా ఉత్త తీగ ఏడ్చేది, నొక్కిన వేలు కొంచెం వెనక్కి జరిగి పాటతో కలిసిపోయేది. ఫ్రెట్లుంటే మొదటి రోజే దొరికిపోయేవాడిని. నున్నటి మెడ ఐదేళ్ళు నా తప్పును దాచిపెట్టింది. వివేక్ పంపింది ఉత్త డ్రమ్స్. సర్దుకోవడానికి ఏమీ లేదు. నా వేళ్ళు ట్రాన్స్‌ఫార్మర్‌తోనే పోయాయి.

చెవి ఉన్నవాడి పని. ఆ మాట రాసిన చేతిని ఏం చేయాలి.

ఏప్రిల్ 29, మంగళవారం

మెసేజ్ రాయడానికి పొద్దంతా పట్టింది. ఎంత రాసినా ఎక్కడో ఒకచోట నేను గొప్పవాడిననే మాట వస్తోంది. చెరిపి చెరిపి మిగిలింది ఇది: "తప్పు నాదే. మీ గిటారు సరిగ్గనే ఉంది. అన్న మాటలకు సారీ. ఇంకొకసారి పంపుతా."

గంటకు జవాబు. "ఇంకో అతను కూడా పంపిండు. బాగున్నది. ఆదివారం లోపల పంపితే వింటం."

'బ్రో' లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

పచ్చదీపం పెట్టుకున్నాను. వెలిగింది. తీగలన్నీ కిందికి దిగాయి, జ్వరం తగ్గినవాడిలా నీరసంగా.

వాయించబోతే గోడ అవతల మూలుగు. ఇప్పుడు రెండూ కలవడం లేదు — నా జీ, దాని మూలుగు. మధ్యలో ఊగుతుంది. సెకనుకు రెండుసార్లు, ఊఁ ఊఁ ఊఁ ఊఁ... ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎముకల్లోంచి వస్తోంది. నాలుగు దెబ్బలు దాటేసరికి వేలు దానంతటది పైకి జారుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను వెతుక్కుంటూ. వేలి మీద కొట్టాను.

మే 1, గురువారం

మేడే. షెడ్డు బంద్. ట్రాన్స్‌ఫార్మర్‌కు సెలవు లేదు.

మూలుగు వినబడని చోటు కోసం బాస్ సంచిలో వేసుకుని ఊరంతా తిరిగాను. వెనక వీధిలో ఎవరిదో షెడ్డు నడుస్తూనే ఉంది. గుడి దగ్గర బోరు మోటారు. బడి వెనక ఇంకో ట్రాన్స్‌ఫార్మర్. అన్నీ అదే సుర్. పుట్టినప్పటి నుంచి ఇదే సుర్‌లో ఉన్నాను, దీన్నే నిశ్శబ్దం అనుకున్నాను.

మానేరు వాగు ఒడ్డుకు పోతే పొలాల మోటార్లు.

మే 2, శుక్రవారం

ఆసామి చెప్పాడు: "రేపు పొద్దుగాల ఎనిమిది నుంచి పదకొండు దాక లైన్ల పని ఉన్నదట. కరెంటు రాదు. పన్నెండుకు రాండ్రి."

అందరూ కూలి పోతుందని గొణిగారు. నేను గొణగలేదు.

మే 3, శనివారం

ఎనిమిదీ ఐదుకు పోయింది.

ఊరు ఆగిపోయింది. ముందు మూలుగు, తర్వాత మగ్గాలు, తర్వాత ఫ్యాన్లు. చెవుల్లో గుయ్‌మని నా సొంత చప్పుడే ఉంది. అది ఎంత పెద్దగా ఉందో అప్పుడే తెలిసింది. అంటే నాక్కూడా మొదలైంది. సరే. అది తర్వాత.

ఫోన్‌లో బ్యాటరీ నిండా ఉంది, బాస్ వైరు నేరుగా దానికే. పచ్చదీపానికి కలుపుకుని కూర్చున్నాను. తొమ్మిది దెబ్బల భాగం మొదలుపెట్టగానే పక్క గదిలోంచి బాపు అరుపు.

"ఏమైందిరా! కరెంటు వోయిందా?"

బాపుకు చెవితో తెలియదు. మంచం కోళ్ళ వణుకు ఆగితే తెలుస్తుంది. లేచి వచ్చాడు. "లైన్ల పని," అని నేను కూడా అరిచాను. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చెయ్యి చాచి బాస్ చెక్క మీద అరచెయ్యి పెట్టాడు.

"కొట్టు," అన్నాడు. అరవకుండా. బాపు మామూలు గొంతు నేను ఎన్నేళ్ళకు విన్నానో.

"చెయ్యి తియ్యి బాపు, వాయించరాదు."

తీయలేదు. ఒక నిమిషం అట్లాగే కొట్టాను. తర్వాత ఆయనే తీసి, "రోజు గోడకు తగిలేది గిదేనా," అని బయటికి పోయాడు.

టేకులు పోతూనే ఉన్నాయి. వేళ్ళు పాత చోట్లకే పోతున్నాయి. తొమ్మిదో టేకు... పన్నెండో టేకు. పదిన్నర దాటాక ఒకటి కుదిరింది. మొదటి నుంచీ కుదిరింది. తొమ్మిది, ఏడు, మధ్యలో రెండుసార్లు ఉత్త తీగ కూడా మీటాను, అది ఏడవలేదు. చివరికి వచ్చాను. అంతా నిదానమైంది. పొడవైన జీ. ఈసారి అది కూడా ఉత్త తీగ మీద మీటుదామనుకున్నాను. చెయ్యి వినలేదు, పక్క తీగ మీద నొక్కాను. నొక్కి పట్టాను —

కరెంటు వచ్చింది.

పదిహేను నిమిషాల ముందే వచ్చింది. గోడ వెనక ఆ మూలుగు లేచింది. నా వేలు జరిగింది. వెంట్రుకవాసి. పైకి. నేను జరపలేదు.

మే 4, ఆదివారం

పొద్దున్నుంచి ఆ చివరి నోట్ వింటున్నాను. కత్తిరించవచ్చు. నోట్ సగంలో ఆగిపోతుంది, అప్పుడు పాట తెగినట్టుంటుంది. నిన్న ముందు పోయిన టేకు నుంచి చివర తెచ్చి అతికించవచ్చు. పోగు అతికినట్టు, ముడి ఎవడికీ కనబడదు. అతికాను. విన్నాను. బాగుంది. శుభ్రంగా ఉంది.

నాకు అబద్ధం వినబడింది. ఐదేళ్ళు నాకు నేను చెప్పుకున్న అబద్ధం లాంటిదే, ఈసారి తెలిసి.

అతుకు తీసేశాను. ఉన్నదున్నట్టు పంపాను. కింద రాశాను: "చివరి నోట్‌లో వేలు జారింది. కరెంటు వచ్చింది అప్పుడు. మిగతాది సరిగ్గ ఉన్నది."

కరెంటుకూ దానికీ ఏం సంబంధమో వాళ్ళకు ఏం తెలుస్తుంది. పిచ్చోడు అనుకుంటారు. అనుకోనీ.

మే 5, సోమవారం

ఒక టిక్కు.

మే 6, మంగళవారం

రెండు. నీలం.

గంగన్న ఫోన్ చేశాడు, శుక్రవారం రాయికల్‌లో రిసెప్షన్. "నీ వైరు ఈసారి పీకన్ తియ్, రా." నవ్వాడు. వస్తానన్నాను. ఎందుకన్నానో.

మే 7, బుధవారం

షెడ్డులో ఉండగా ఫోన్ వణికింది, లేదా నేల వణికింది. తీసి చూశాను. వివేక్. వాయిస్ మెసేజ్, నలభై సెకన్లు.

ఇక్కడ వినబడదు. బయటికి వచ్చాను. షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడా మూలుగు ఉంది, జీకి కొంచెం పైన. ఇప్పుడు ఎంత పైన ఉందో నాకు తెలుసు.

వద్దనడానికి నలభై సెకన్లు పట్టదు. రమ్మనడానికీ పట్టదు.

ఆసామి లోపలి నుంచి చెయ్యి ఊపుతున్నాడు. ఏడో మగ్గం కండె అయిపోయింది, ఉత్త నాడె కొడుతోంది. ఆ చప్పుడు మారడం నాకు ఇక్కడి దాకా వినబడుతోంది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎడమ చెవి. కుడిది మంచిదో ఎడమది మంచిదో ఇంతవరకు చూసుకోలేదు.